పెట్టె తీసి పక్కన పెట్టండి

మా ఆఫీసులో ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ అన్న మాట నోటి వెంట రాకూడదు. పెట్టె అనాలి. మానిటర్‌ను తెర అనాలి, కీబోర్డును మీటల పలక అనాలి, ప్రింటరును అచ్చుయంత్రం అనాలి. ఇది మా మేనేజరు గారి శాసనం. కంప్యూటరు కొన్న మనిషి ఇంగ్లీషు వినగానే బిగుసుకుపోతాడని, తెలుగులో చెబితే ధైర్యం తెచ్చుకుంటాడని ఆయన నమ్మకం. ఎనభైల చివర్లో హైదరాబాదులో కంప్యూటర్లు అమ్మి, బాగుచేసే కంపెనీలో ఇలాంటి మేనేజరు ఉండేవాడంటే ఇప్పటి పిల్లలు నమ్మరు. ఆయన కింద పనిచేసినదాన్ని కాబట్టి నేను నమ్మక తప్పదు.

ఆయనది కృష్ణా జిల్లా. మనిషి మంచివాడు, మాట చక్కనిది. కస్టమర్లు ఫోను చేసినప్పుడు ఏం చెప్పాలో మంచి తెలుగులో ఒక అట్ట మీద రాయించి ఫోను పక్కన వేలాడదీశారు. ఫోను ఎవరెత్తినా ఆ అట్ట చూసే చదవాలి. సొంత కవిత్వం పనికిరాదు. ఆ అట్టలో ఒక వాక్యం వల్ల తాండూరులో ఒక మనిషి బతుకు బజారున పడబోయింది. ఆ సంగతి చెప్దామనే ఇదంతా.

నేను వికారాబాద్ వైపు పిల్లను. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చేసి ఆ కంపెనీలో సర్వీసు ఇంజినీరుగా చేరాను. వికారాబాద్, తాండూరు లైను నాకే అంటగట్టారు. మా చిన్నమ్మ ఇల్లు వికారాబాద్‌లోనే ఉంది కదా, లాడ్జి ఖర్చు మిగులుతుందని వాళ్ళ లెక్క. సంచిలో స్క్రూడ్రైవర్లు, ఒక మీటరు, ఫ్లాపీల డబ్బా, చిన్నమ్మ కట్టిచ్చిన జొన్నరొట్టెలు. పాసింజరు రైలెక్కితే తాండూరు దాకా నాదే రాజ్యం. ఎక్కడికి వెళ్ళినా మొదటి ప్రశ్న ఒకటే ఉండేది, "ఇంజినీర్ సాబ్ ఎప్పుడొస్తడు?" అని. నేనే ఇంజినీర్నని చెప్పాక నా వెనకాల ఇంకెవరైనా దిగుతారేమోనని తలుపు వైపు చూసేవాళ్ళు. మొదట్లో కోపమొచ్చేది. తర్వాత తర్వాత, సరే, చూసుకోనీ అని టీ అడిగి తాగడం నేర్చుకున్నాను.

ఇక పెట్టె సంగతి. మీరిప్పుడు చొక్కా జేబులో వేసుకు తిరిగే డిస్కు కాదది. చెప్పుల జత పట్టే అట్టపెట్టెంత ఉండేది. ఎత్తితే మాత్రం లోపల రోకలి పెట్టారేమో అనిపించేది. పైన రేకు తొడుగు, దాని లోపల ఒక ఫ్యాను, కరెంటు సరఫరా, వాటి పక్కన మూసి సీలు వేసిన ఇంకో నల్లని లోహపు డబ్బా. అసలు డిస్కు ఆ రెండో డబ్బాలో ఉంటుంది. గోధుమ రంగు పళ్ళేలు గిర్రున తిరుగుతుంటాయి, వాటికి తగలీ తగలకుండా పైన చిన్న చేయి లాంటిది కదులుతూ రాసింది చదువుతుంది. ఆ సందులోకి చిటికెడు దుమ్ము పోయిందంటే పళ్ళెం గీసుకుపోతుంది, రాసిందంతా గంగలో కలుస్తుంది. అందుకే లోపలి డబ్బాను ఏ ఇంజినీరూ విప్పడు. మాకూ అనుమతి లేదు.

ఇంత సుకుమారమైన సామాను జనం చేతికి ఇచ్చామా, వాళ్ళు దాన్ని ఇంట్లో మనిషిలాగే చూసుకున్నారు. వికారాబాద్‌లో ఒక కాలేజీ ఆఫీసు గుమాస్తా, రాత్రిళ్ళు దొంగలెత్తుకుపోతారని రోజూ పెట్టెను స్కూటరు ముందు నిలబెట్టుకుని ఇంటికి తీసుకుపోయేవాడు. గుంతల రోడ్డులో అది ఎన్ని రోజులు బతుకుతుంది? ఒక కందిపప్పు మిల్లు వాళ్ళు దుమ్ము పడకుండా మఖ్‌మల్ గుడ్డ కప్పి, గాలి ఆడే చిల్లులన్నీ మూసేసి, "పెట్టెకు జరమొచ్చిందమ్మా, మస్తు కాలుతున్నది" అని ఫోను చేశారు. వెళ్ళి గుడ్డ తీసేస్తే జ్వరం తగ్గింది. నా హస్తవాసి మంచిదన్నారు, నేనూ కాదనలేదు.

ఆ లైనులో తిరుగుతూ జనం మాటను బట్టే జబ్బు కనిపెట్టడం అలవాటైంది. పెట్టె గుర్రు పెడుతుందంటే ఫ్యాను అరిగింది. గొణుగుతుందంటే కింద టేబులు ఎగుడుదిగుడుగా ఉంది. దగ్గుతుందంటే డిస్కు చదివిందే మళ్ళీ మళ్ళీ చదువుతోంది, వైరు వదులైనా అయ్యుండాలి, లోపల ఏదో తేడా అయినా చేసుండాలి. మా మేనేజరు గారి అట్ట మీద ఈ మాటలేవీ ఉండవు. ఆయన తెలుగు ఆయనది, వీళ్ళ తెలుగు వీళ్ళది. మధ్యలో నేను.

తాండూరులో మా పెద్ద కస్టమరు ఒక బండల సేటు. బండలంటే ఇళ్ళలో పరిచే నాపరాళ్ళు, నీలివి, పసుపువి. రైలు పట్టాల అవతల ఆయన కార్ఖానా. కోత మిషన్లు, పాలిష్ మిషన్లు, లారీలు, వాటి నడుమ ఎప్పుడు చూసినా తెల్లటి పొగమంచులాగా రాతి దుమ్ము. ఊళ్ళో మొదట కంప్యూటరు కొన్నది తానేనని ఆయనకు మహా గొప్ప. కార్ఖానాకు పదడుగుల దూరంలో అద్దాల తలుపుతో ఒక గది కట్టించి అందులో పెట్టించాడు. వచ్చిన ప్రతి వ్యాపారినీ ముందు ఆ గదిలోకి తీసుకుపోయి, తర్వాతే బండల దగ్గరకు తీసుకుపోయేవాడు.

ఆ గదిలో కూర్చునే ఆపరేటరుది బంట్వారం దగ్గర పల్లె. నలభై దాటిన మనిషి. అంతకు ముందు అదే కార్ఖానాలో కోత మిషను మీద పనిచేసేవాడు. దగ్గు పట్టుకుని వదలకపోతే వికారాబాద్ గుట్ట మీది దవాఖానకు వెళ్ళాడు. అక్కడి డాక్టరు, ఇంకా బతకాలనుంటే ఆ దుమ్ములో నిలబడొద్దని ముఖం మీదే చెప్పి పంపించాడు. చిన్నప్పుడెప్పుడో టైపు నేర్చుకున్నానని అతను భయం భయంగా చెబితే, సేటు అతన్ని తీసుకొచ్చి కంప్యూటరు ముందు కూర్చోబెట్టాడు. సేటు నోరు పెద్దది కాని, ఆ పని చేసింది ఆయనే. ఆ మాట ముందే చెప్పుకోవాలి. అద్దాల గదిలోకి వచ్చాక ఆపరేటరు దగ్గు తగ్గింది, ముఖాన కాస్త రక్తం వచ్చింది. నేను వెళ్ళినప్పుడల్లా చేతి రుమాలుతో కుర్చీ తుడిచి, "కూసోండ్రి మేడం" అనేవాడు. ఆ గదిని ఇల్లు చూసుకున్నట్టు చూసుకునేవాడు.

అప్పుడు సేటుకు గుల్బర్గా అవతల ఒక పెద్ద షాదీఖానాలో, అంటే పెళ్ళిళ్ళ హాలులో, ఫ్లోరింగు పని దొరికింది. మామూలుగా పరిచేది కాదు. హాలు నట్టనడుమ నీలి, పసుపు బండలతో పెద్ద నక్షత్రం, చుట్టూ బార్డరు. ఒక్కో బండ ఒక్కో కొలత, ఒక్కో మూల. ఆ కొలతలన్నీ కాగితాల మీద వస్తే ఆపరేటరు ఒక్కొక్కటే పెట్టెలోకి ఎక్కించాడు. కంప్యూటరులోకి ఎక్కాక కాగితాలతో పనేముందని సేటు వాటిని టీ కాచే పొయ్యిలో వేయించాడు. ఇది మా కంపెనీ అమ్మకాల వాళ్ళు చెప్పిన మాటే. "ఇక మీకు కాగితంతో పనిలేదు" అని వాళ్ళు అందరికీ చెప్పేవాళ్ళు, సేటు దాన్ని మనసారా నమ్మాడు.

నక్షత్రం పని సగంలో ఉండగా పెట్టె దగ్గడం మొదలుపెట్టింది. ఆపరేటరు హైదరాబాదుకు ట్రంకాల్ చేశాడు. ఆ రోజు ఫోను దగ్గర కూర్చున్నది నాతో పాటు చేరిన అమ్మాయి, నా స్నేహితురాలే. బుద్ధిగా అట్ట చూసి చదివింది. "పెట్టె తీసి పక్కన పెట్టండి. మా ఇంజినీరు వస్తారు. అంతవరకు దాన్ని ఎవరినీ ముట్టనివ్వకండి." లైనులో గరగర. అతను సరేనన్నాడు, ఫోను కట్టయింది. ఆ సాయంత్రం నేను వికారాబాద్ కాలేజీలో ఉంటే అక్కడికి కబురు చేశారు, పొద్దున్నే తాండూరు వెళ్ళమని.

మర్నాడు అద్దాల తలుపు తోసుకుని లోపలికి వెళ్ళేసరికి ఆపరేటరు స్టూలు మీద నిటారుగా కూర్చుని ఉన్నాడు. నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు. పండగ పూట పిండివంటలు చూపించే మనిషిలా పక్కకు జరిగి, "మీరు చెప్పినట్టే తీసి పక్కన పెట్టిన మేడం. ఈగను గూడ వాలనియ్యలే" అన్నాడు.

టేబులు మీద రేకు తొడుగు ఒక పక్కన, నల్ల డబ్బా మూత ఇంకో పక్కన, స్క్రూలన్నీ ఒక సాసరులో. మధ్యలో డిస్కు పళ్ళెం బట్టలిప్పినట్టు బయటికి కనబడుతోంది. దాని మీద పలచగా తెల్లటి రాతి దుమ్ము.

చేతిలో సంచి కింద పెట్టడం కూడా మరిచిపోయాను. ఎంత కోపమొచ్చిందో చెప్పలేను, కాని అతని ముఖం చూస్తే ఆ కోపం ఎటు పోవాలో తెలియలేదు. అంత శ్రద్ధగా చేసిన పాడుపని నేను నా సర్వీసంతటిలో ఇంకోటి చూడలేదు.

సేటు వచ్చాడు. నా ముఖం చూసి విషయం పసిగట్టాడు. డిస్కు విప్పితే ఏమవుతుందో దాచకుండా చెప్పేశాను. ఆయన ఆపరేటరు వైపు తిరిగాడు.

"అరే, నీకు దిమాఖ్ ఉన్నదా? గింత ఖీమతీ సామాను ఇప్పుకొని కూసున్నవా?"

"తియ్యమన్నరు సేట్. తీసిన."

"ఎవరన్నరు?"

"హైదరాబాదోళ్లు. ఫోన్‌ల చెప్పిన్రు."

సేటు అక్కడికక్కడే మా ఆఫీసుకు అర్జెంటు కాల్ బుక్ చేశాడు. లైను కలిసేదాకా గదిలో అటూ ఇటూ తిరిగాడు. మా మేనేజరు గారే ఎత్తారు. సేటు ఆయనతో మాట్లాడి ఫోను ఠపీమని పెట్టేశాడు.

"వాళ్లు పెట్టె తీసి పక్కన పెట్టమన్నరంట. అంతే అన్నరంట. ఇప్పమని ఎవరు చెప్పలేదంట. నువ్వు అబద్ధాలాడుతున్నవ్."

"నాకు గూడ గదే చెప్పిన్రు సేట్, పెట్టె తీసి పక్కన పెట్టమని. గదే చేసిన."

"మల్ల గదే మాట! రేపటి సంది మిషీన్ కాడికి పో. గీ అద్దాల అర్ర దిక్కు రాకు."

ఆపరేటరు రుమాలు తీసి నోటికి అడ్డం పెట్టుకున్నాడు. దగ్గు రాలేదు, ఊరికే పెట్టుకున్నాడు. మిషను దగ్గరికి వెళ్ళడమంటే అతనికి ఏమిటో ఆ గదిలో ముగ్గురికీ తెలుసు. సేటుకూ తెలుసు. కోపంలో అన్నాడు, కాని అన్న మాట వెనక్కి తీసుకునే రకం కాదాయన.

నాకు ముందు డిస్కు సంగతి చూడాలనిపించింది. మనుషుల సంగతి తర్వాత. ఆఫీసు నియమం ప్రకారం మూత తీసిన డిస్కును ముట్టకుండా హైదరాబాదు తీసుకుపోవాలి. అక్కడ చేసేది కూడా నాకు తెలుసు. ఒక కాగితం అంటించి మూల పడేస్తారు. పైగా పాసింజరు రైలులో ఊగుతూ పోతే ఆ దుమ్ము పళ్ళెం సందుల్లోకి పోయి కూర్చుంటుంది. బతికిస్తే ఇక్కడే బతికించాలి, అదీ ఒక్కసారే. నాకు నా చేతుల మీద నమ్మకం కాస్త ఎక్కువే. అది గుణమో లోపమో మా మేనేజరు గారు చివరి దాకా తేల్చుకోలేకపోయారు.

"సేట్, మిషీన్లు జరసేపు బంద్ పెట్టిస్తరా? దుమ్ము లేవొద్దు," అన్నాను. వాళ్ళతో నేను వాళ్ళ మాటే మాట్లాడేదాన్ని. అది నా మాట కూడా.

"ఎట్లమ్మా? బయట లారీ నిలవడ్డది. లోడ్ గావాలె."

"లారీ ఇయ్యాల గాకుంటె రేపు పోతది. గీ పెట్టె గిప్పుడే పోతది."

ఆయన నన్ను ఒక క్షణం ఎగాదిగా చూశాడు. తర్వాత తలుపు తీసి బయటికి ఒక కేక వేశాడు. మిషన్లు ఒక్కొక్కటే ఆగాయి. ఆ కార్ఖానా అంత నిశ్శబ్దంగా ఉండడం నేను మళ్ళీ చూడలేదు. చించోళి నుంచి వచ్చిన లారీ డ్రైవరు కన్నడంలో ఎవరినో ఏమైందని అడుగుతున్నది కూడా లోపలికి వినిపించింది.

ఆపరేటరు గది చుట్టూ, గుమ్మం ముందు నీళ్ళు చల్లాడు, దుమ్ము అణగాలని. ఆ తర్వాత అతన్ని బజారులో ఫొటో స్టూడియోకు పంపించాను. కెమెరా అద్దం మీది ధూళి ఊదడానికి వాళ్ళ దగ్గర రబ్బరు బుడ్డి ఒకటి ఉంటుంది. నోటితో ఊదితే తడి పడుతుంది, గుడ్డతో తుడిస్తే గీత పడుతుంది. ఆ బుడ్డితోనే పని. అతను రొప్పుతూ తెచ్చిచ్చాడు. నా జడను పైకి ముడేసుకుని, కొంగు నడుముకు దోపుకుని, ఊపిరి పక్కకు వదులుతూ, పళ్ళెం అంచుల నుంచి కొద్దికొద్దిగా గాలి ఊదాను. సేటు నా భుజం వెనక నిలబడి ఊపిరి బిగబట్టాడు. నేను ఊపిరి తీసుకుంటే ఆయనా తీసుకునేవాడు.

మూత బిగించాను. వైర్లు కలపబోతుంటే కనబడింది, కరెంటు వైరు పిన్ను ఒకటి వదులైంది. మొదటి రోజు దగ్గుకు కారణం అదే. వేలితో నొక్కితే పోయే జబ్బు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియక ఎవరికీ చెప్పకుండా నొక్కేశాను.

స్విచ్ వేశాను. పళ్ళెం తిరగడం మొదలైంది. మొదట సన్నటి ఈల, ఆ తర్వాత మామూలు చప్పుడు. తెర మీద ఫైళ్ళ పేర్లు వరుసగా దిగాయి. "ఉన్నయ్ మేడం, అన్నీ ఉన్నయ్!" అని ఆపరేటరు గట్టిగా అరిచాడు. సేటు అతని వైపు ఒకసారి చూస్తే నోరు మూసుకున్నాడు.

ఉన్నాయని చూసి మురిస్తే లాభం లేదు, ఆ డిస్కు ఎంతసేపు బతుకుతుందో దానికే తెలియదు. ఒక్కో ఫైలూ ఫ్లాపీలోకి ఎక్కిస్తూ పోయాను. బార్డరు కొలతలు వచ్చేశాయి. పక్క గదులవి వచ్చాయి. నక్షత్రం ఫైలు దగ్గర డిస్కు మళ్ళీ దగ్గింది, ఈసారి నిజం దగ్గు. చదవలేకపోతున్నాను, మళ్ళీ ప్రయత్నించనా అని తెర మీద అడుగుతోంది. మళ్ళీ, మళ్ళీ అని నొక్కుతూనే ఉన్నాను. సగం వచ్చింది. ఆ తర్వాత లోపల కత్తి సానబట్టినట్టు ఒక కీచు చప్పుడైంది, అంతే. పెట్టె ప్రాణం పోయింది.

పోయిందానికి బాధ ఉంది, అయినా వచ్చినదాన్ని చూసుకుంటే గర్వంగానే ఉంది. నక్షత్రంలో సగం తప్ప షాదీఖానా మొత్తం ఫ్లాపీల్లో భద్రంగా ఉంది. ఆ సగం కూడా గుల్బర్గా అవతలికి మనిషిని పంపి మళ్ళీ కొలిపించుకోవచ్చు. సేటుకు అదే చెప్పాను.

"షుకర్ హై," అన్నాడాయన, దేవుడి దయ అన్నట్టు పైకి చూసి. బయటికి వెళ్ళి మిషన్లు వేసుకోమన్నాడు. ఆపరేటరు సంగతి మాత్రం ఎత్తలేదు.

ఆయన అటు వెళ్ళగానే నేను ఆపరేటరును అడిగాను, ఫోనులో ఏ మాట చెప్పారో ఆ మాటే అచ్చంగా చెప్పమని. పెట్టె తీసి పక్కన పెట్టండి అని పొల్లు పోకుండా చెప్పాడు. మా అట్ట మీది మాటే. మేనేజరు గారు చెప్పిందీ అదే.

"తీసినంక లోపట ఇంకొక పెట్టె ఉండె మేడం," అన్నాడు. "ఏ పెట్టెనో సమజ్ గాలే. ఎందుకైనా మంచిదని రెండూ తీసిన."

నాకు నవ్వు తన్నుకొచ్చింది. నవ్వుతుంటే అతను బెదిరిపోయాడు. నాకు అప్పుడు తట్టింది. మా ఇంట్లో మా అమ్మ ఏమంటుంది? దర్వాజ తియ్యి అంటుంది. పెట్టె తియ్యి, చీరె ఇయ్యి అంటుంది. పెట్టె తియ్యి అంటే తెరువు అనే. వైరు ఊడబెరికి అవతల పెట్టడాన్ని మావైపు పక్కకు పెట్టు అంటారు, ఇంకా కావాలంటే తీసెయ్యి అంటారు. మా మేనేజరు గారు తీసి పక్కన పెట్టమన్నది వైరు నుంచి వేరుచేసి పక్కన పెట్టమని. ఇతను తెరిచాడు, మూత పక్కన పెట్టాడు, ఎవరినీ ముట్టనివ్వలేదు. అందులో ఒక్క అక్షరం తప్పిపోలేదు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు, ఇద్దరూ ఒక్క మాటే చెబుతున్నారు. మాట ఒకటే, జరిగింది వేరు కాబట్టి సేటు లెక్కలో ఇతను అబద్ధాలకోరయ్యాడు.

ఈ వ్యాకరణమంతా సేటుకు విడమరిచి చెబితే వింటాడా? వినడు. అతన్ని వెనకేసుకొస్తున్నావంటాడు. పైగా మా ఆఫీసు తప్పును కప్పిపుచ్చుకోవడానికి వచ్చానంటాడు. సాయంత్రం రైలుకు నేను వెళ్ళిపోతే, పొద్దున్నే ఈ మనిషి మిషను ముందు నిలబడతాడు. కూర్చోబుద్ధి కాలేదు నాకు.

సేటు గదిలోకి వచ్చి తన బల్ల దగ్గర కూర్చున్నాడు. ఆ బల్ల మీద ఒక చెక్క పెట్టె ఉండేది. బండల నమూనాలు, అంటే నున్నగా పాలిష్ చేసిన చిన్నచిన్న ముక్కలు అందులో ఉంటాయి. వచ్చిన బేరగాళ్ళకు చూపిస్తుంటాడు. నేను సంచి సర్దుకుంటూ, ఆయన వైపు చూడకుండా, మామూలుగా అన్నాను.

"సేట్, జర గా పెట్టె తీసి పక్కన పెట్టుండ్రి."

ఆయన ఆ పెట్టెను ఎత్తి అవతల పెట్టాడంటే ఆపరేటరు కథ ముగిసినట్టే. వాడికి తప్ప అందరికీ సమజైంది అంటాడు, ఇంక నేను చెప్పేదేమీ ఉండదు. నా తెలివికి అతని ఊపిరితిత్తులు పందెం కట్టానని అప్పుడు తెలిసింది.

సేటు చేయి చాచాడు. పెట్టె దగ్గరకు లాక్కున్నాడు. కొక్కెం ఊడదీశాడు, మూత పైకి తీశాడు, తీసి పక్కన పెట్టాడు. నీలి ముక్క ఒకటి చేతిలోకి తీసుకుని, "ఏ రంగు కావాలమ్మా? ఇంటికా?" అన్నాడు.

ఆపరేటరు గోడకు ఆనుకుని నిలబడ్డాడు. సేటు చేతిలో ముక్క చేతిలోనే ఉంది. నన్ను చూశాడు, మూతను చూశాడు, టేబులు మీద మా పెట్టె రేకు తొడుగును చూశాడు. ఎర్రటి ముఖం ఇంకా ఎర్రబడింది.

"నేను పెట్టె తీసి పక్కన పెట్టుండ్రి అన్న సేట్," అన్నాను నెమ్మదిగా. "హైదరాబాద్‌ల మా సార్ గూడ గదే అన్నడు. ఆయనకు తీసుడంటె అవుతల పెట్టుడు. మనకు తీసుడంటె తెరుసుడు. గీయన గూడ మీరు జేసినట్టే జేసిండు."

మర్నాడు ఆఫీసుకు వెళ్ళి ఇదంతా మా మేనేజరు గారికి చెప్పాను. సేటు గారు కూడా పెట్టె తీశారు సార్ అంటే, "తీసి ఎక్కడ పెట్టాడమ్మా?" అన్నారు. ఆయనకు తలకెక్కేసరికి రెండు టీలు పట్టింది. ఎక్కాక మాత్రం తనే స్వయంగా అట్ట దించి, ఆ వాక్యం కొట్టేసి, "వైరు ఊడదీయండి, పెట్టెను మూసి ఉన్నది ఉన్నట్టే ఉంచండి" అని రాయించారు. ఊడదీయండి అన్న మాటలోనూ తీయడం ఉంది సార్ అని నేను అనబోయి మానుకున్నాను. అట్ట మీద ఎంత మంచి తెలుగు రాసినా, అవతల వినే మనిషిది ఏ ఊరో ఒకసారి అడిగి చదవమని మాత్రం నా స్నేహితురాలికి చెప్పాను. మీ కాలంలో ఆ అట్టలు పోయి రికార్డు చేసిన గొంతులు వచ్చాయి. వాటిని ఊరు అడగమని ఎవరూ చెప్పలేరు.

కాని అది మర్నాటి మాట. ఆ సాయంత్రం గదిలో సేటు ఇంకా నీలి ముక్కను చేతిలో తిప్పుతూనే ఉన్నాడు. తప్పయింది అని అనడం ఆయనకు రాదు. అంత పెద్ద కార్ఖానాలో ఆ మాట ఎవరికీ అలవాటు లేదు. ముక్కను పెట్టెలో పెట్టి మూత పెట్టాడు. గొంతు సవరించుకున్నాడు. ఆపరేటరు వైపు తిరగకుండా, కిటికీలోంచి లారీని చూస్తూ అన్నాడు.

"రేపు పొద్దుగాల గుల్బర్గా లారీల పో. నడిమిట్ల సుక్క సగం పోయిందంట గదా. గా సగానికి కొలతలు తియ్యి…"

అని ఆగిపోయాడు.

"తీసుడు గాదు. టేపు వట్టి కొలువు. కొలిచి కాయితం మీద రాయి. గా కాయితం జేబుల పెట్టుకొని రా. సమజయిందా?"

"సమజయింది సేట్." ఆపరేటరు గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు. "వచ్చినంక… ఏడికి రావాలె సేట్? మిషీన్ కాడికా?"

సేటు అప్పుడు తిరిగి అతని ముఖంలోకి సూటిగా చూశాడు.

"మిషీన్ కాడికి పోతె, గీ టైపు నేను గొట్టాల్నా?"